పదమూడు డబ్బాలు, పద్నాలుగో పుస్తకం

మా ఇంట్లో అటక మీద 41 డబ్బాలు ఉన్నాయి. కోతలనుకోకండి, మొన్న కనుమ మర్నాడు స్టూలు వేసుకుని ఎక్కి స్వయంగా లెక్కపెట్టాను. వాటిలో ఒక్కటీ నేను కొన్నది కాదు. అన్నీ సంక్రాంతి నోములకు నా ఒళ్లో పడ్డవే. నీలం మూతవి పన్నెండు, గులాబీ మూతవి తొమ్మిది, మూత తప్పిపోయినవి ఆరు, తక్కినవి ఏ రంగో చెప్పడం నా తరం కాదు. ఏది ఎవరిచ్చారో చెప్పమంటే మాత్రం ఒక్కదానికీ చెప్పలేను. ఇచ్చిన మహాతల్లులూ చెప్పలేరు. నా గొడవంతా అదే.

మా వైపు ఆచారం తెలియని పాఠకురాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. తెలంగాణలో సంక్రాంతి అంటే ఆడవాళ్ళకు నోములు. ఏదో ఒక వస్తువు ఎంచుకుని అవి పదమూడు కొని, పసుపు, కుంకుమ, నువ్వులు, రేగుపళ్ళతో పదమూడుమంది ముత్తయిదువలకు పంచాలి. ఒక ఏడు గిన్నెలు, ఒక ఏడు దువ్వెనలు, ఒక ఏడు డబ్బాలు. మా జహీరాబాదు మరీ సరిహద్దు ఊరు. అటు బీదరు, మరి కాస్త ముందుకెళితే మహారాష్ట్ర. కన్నడం వాళ్ళ ఎళ్ళు-బెల్లం, మరాఠీ వాళ్ళ తిళ్‌గుళ్ కూడా మా వీధిలోనే ఇల్లిల్లూ తిరుగుతాయి. పండగ మూడు రోజులూ ఏ ఇంటి తలుపు తీసినా పసుపు కాళ్ళే. అంత ముచ్చటైన పండగలో చేతులు మారేది మాత్రం ప్లాస్టిక్కు!

అంచేత ఈ ఏడు నేను పుస్తకాలతో నోము పట్టాను.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రమే మా అత్తయ్య, "నోమా, బడా?" అన్నారు. పక్కింటి వదిన ఇంకాస్త నెమ్మదిగా, "డబ్బా అయితే కందిపప్పు పోసుకుంటం వదినా, పుస్తకం ఎవరు చదువుతరు?" అంది. మావారు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం కనుక ఏదైనా లెక్కలోనే చూస్తారు, "పదమూడు పుస్తకాలకు ఎంతవుతుంది?" అన్నారు. కిందటేడు స్టీలు డబ్బాలకు ఎంతయిందో చెప్పాను. మళ్ళీ మాట్లాడలేదు.

అసలైన అభ్యంతరం ఎదురింటావిడ దగ్గర నుంచి వచ్చింది. "పదమూడూ ఒక్కతీరుగ ఉండాలె. ఒకరికి లావు పుస్తకం, ఒకరికి సన్న పుస్తకం ఇస్తే మనసుల పెట్టుకుంటరు" అంది. ఇది కొట్టి పారేసే మాట కాదు. నోము లక్షణమే సమానం. అయితే ఆ సమానం ఎక్కణ్ణించి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. పదమూడుమందికి ఒకే డబ్బా ఇవ్వగలుగుతున్నామంటే ఆ పదమూడుమందిలో ఒక్కరి గురించి కూడా ఆలోచించలేదన్న మాట. బజారుకు పోయి, "అన్నా, పదమూడు కట్టు" అంటే పని అయిపోతుంది. అందుకే మూడేళ్ళ కింద నేను ఒకరికి పెట్టిన జాకెట్టు ముక్క, మూల పసుపు మరకతో సహా, నాలుగిళ్ళు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లను చూసినట్టు చూసి బీరువాలో పెట్టుకున్నాను.

"ఎవరు చదువుతరు" అనే మాటకు మాత్రం నాకు కోపం వస్తుంది. నా పుట్టినూరు జోగిపేట. 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే. సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. దానితోబాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావలసిన రోజులవి. ఆ తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఎవరు చదువుతారని ఆయన అనుకుని ఉంటే ఆ మూట భుజానికెత్తేవారే కాదు. ఇప్పుడు మన ఇంటి గుమ్మంలోకి అన్నీ నడిచొస్తుంటే, డిగ్రీలు చదివిన మనం "ఎవరు చదువుతరు" అంటున్నాం.

ఐస్‌లాండ్ అని ఒక చలిదేశం ఉంది. జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. అక్కడ క్రిస్మస్ ముందు రాత్రి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకోవడం ఆచారం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటి సరుకులకు కట్టుబాట్లుండి, కాగితం కాస్త తేలిగ్గా దొరకడంతో ఆ అలవాటు బలపడింది. ఆ యేటి కొత్త పుస్తకాలన్నిటికీ జాబితా అచ్చువేసి ఇళ్ళకు పంపడం 1944లో మొదలుపెట్టారు. వాళ్ళేమీ పుట్టు పండితులు కారు. పండక్కి పుస్తకం వస్తుందని తెలుసు గనక చదువుతారు. మనకు పండక్కి డబ్బా వస్తుందని తెలుసు గనక పప్పు పోసుకుంటాం.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నవలలు రాసేదాన్ని కదా, నేనూ చాలా ఏళ్ళు పుస్తకాలే పంచాను. ఎవరివనుకున్నారు? నావే! పెళ్ళికి నా నవల, గృహప్రవేశానికి నా నవల, పిల్లవాడి ఉపనయనానికి కూడా నా నవలే. లోపల నా సంతకం ఒకటి. ప్రచురణకర్త దగ్గర మిగిలిపోయిన కాపీలు ఇంట్లో కట్టలుగా ఉండేవి, అదీ అసలు రహస్యం. ఒకరోజు చక్కెర కోసం ఒకరింటికి వెళితే వంటింట్లో దోసెల పిండి గిన్నె మీద మూతగా కనబడింది నా కథానాయిక. అట్ట మీద పాపం ఆమె కళ్ళనిండా నీళ్ళు, కాదు, పిండి. ఆ ఇల్లాలు సిగ్గుపడింది కానీ నిజానికి సిగ్గుపడవలసింది నేను. ఆమెకు ఏం కావాలో ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా నాకు అడ్డం ఉన్నది ఆమెకు అంటగట్టాను. ఆమె తనకు అవసరమైన పనికి వాడుకుంది.

పుస్తకం ఇచ్చేవాళ్ళలో మరో రకం ఉన్నారు. వీళ్ళంటే నాకు నాకన్నా ఎక్కువ భయం. వీళ్ళ దగ్గర పట్టిక ఉంటుంది. పిల్లలకు నీతి కథలు, కుర్రాళ్ళకు వ్యక్తిత్వ వికాసం, కొత్త పెళ్ళికూతురికి వంటల పుస్తకం, అరవై దాటితే భక్తి. మనిషిని చూడరు, వయసు చూస్తారు, ఆడా మగా చూస్తారు, ఇచ్చేస్తారు. పైగా నెల తర్వాత, "చదివావా? ఏం నేర్చుకున్నావు?" అని పరీక్ష. ఏమండీ, చీర పెట్టి, "కట్టావా? ఏం నేర్చుకున్నావు?" అని అడుగుతామా? మనిషిని బాగుచేద్దామని ఇచ్చే పుస్తకం బహుమతి కాదు, చీవాట్లు. అట్ట వేసి ఇచ్చిన చీవాట్లు.

వంటల పుస్తకాల మీద నాకేమీ కక్ష లేదు. మాలతీ చందూర్‌గారి 'వంటలు-పిండివంటలు' చూసి పొయ్యి ముందు ధైర్యం తెచ్చుకున్న ఆడపిల్లలు ఎందరో. కానీ ఆవిడే 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలలను ఏళ్ళ తరబడి తెలుగు ఆడవాళ్ళకు కథలుగా చెప్పారని పట్టికవాళ్ళకు గుర్తుండదు. మా వెనక వీధిలో కొత్తకోడలు సంగారెడ్డిలో ఉద్యోగం చేస్తుంది. పెళ్ళికి ఆ అమ్మాయికి మూడు వంటల పుస్తకాలు వచ్చాయి. ఆ అమ్మాయి వంట మనకన్నా నయం. ఆమెకు లేనిది తీరిక. రోజుకు బస్సులో పోను గంట, రాను గంట. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే అత్తగారి కళ్ళలో పడుతుంది, బస్సులో పడదు. ఒక్కో నవల కథ ఒక ప్రయాణంలో అయిపోతుంది కదా అని 'పాత కెరటాలు' ఇచ్చాను. వారం తిరక్కుండా ఒక సాయంత్రం గేటు దగ్గర ఆగి, "ఆంటీ, ఇయ్యాల బుదేరా దాటంగనే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, పక్క సీటామె నాకేమైందో అని నీళ్ళ సీసా ఇచ్చింది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఏ నవలకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా ఆడపడుచు సంగతి వేరు. "నాకు పుస్తకాలు పడవు" అని పాతికేళ్ళుగా గొప్పగా చెప్పుకుంటున్న మనిషి. ఆమెకు యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా' ఇచ్చాను. నా తోటి రచయితలు కొందరు నవ్వారు, ఇంకా ఆరడుగుల హీరో, పెద్ద కారేనా అని. నవ్వనివ్వండి. 1973లో సినిమాగా కూడా వచ్చిన ఆ నవల కోసం మన అమ్మలు అద్దె పుస్తకాల కొట్టు ముందు వంతులు కాశారు. చదవడం రాని చెయ్యికి మొదట ఏది అందాలో ఆ చెయ్యి చెప్పాలి, మన పాండిత్యం కాదు. ఆడపడుచు రెండు రాత్రుళ్ళలో చదివింది. మూడో రోజు ఫోన్ చేసి, "రెండో భాగం ఎందుకు దాసుకున్నవ్?" అని దెబ్బలాడింది. నేను దాచలేదు. పుస్తకాల సంచీలోనే మిగిలిపోయింది. అయినా ఆ మాట చెప్పలేదు, దెబ్బలాట బాగుంది.

రిటైరైన సైన్సు టీచరమ్మకు అందరూ స్తోత్రాలు ఇస్తారు. ఆవిడకు మాస్కోలో తెలుగులో అచ్చై విశాలాంధ్రలో అమ్మిన పెరెల్మాన్ భౌతికశాస్త్రం పాత కాపీ వెతికి ఇచ్చాను. 1991లో సోవియట్ యూనియనే పోయాక ఆ చౌక పుస్తకాల రాకా ఆగిపోయింది. ఆవిడ పెన్సిలు పుచ్చుకుని అంచుల్లో ఆ రష్యా ఆయనతో వాదిస్తున్నారట. ఇది చాలు, తక్కిన పది పుస్తకాల చిట్టా చదివి మిమ్మల్ని విసిగించను. అందులో ఒకటి రెండు పూర్తిగా గురి తప్పాయి కూడా. ఎదురింటావిడది ఇంకా సెల్లోఫేన్ కాగితంలోనే ఉంది. ఆమెకు కోపం పుస్తకం సన్నగా ఉందని!

ఎవరికేది అన్న ఈ విద్య నాకు బి.ఏ.లో రాలేదు. మాకు ఆకుకూరలు తెచ్చే అవ్వ దగ్గర నేర్చుకున్నాను. మా ఊరి పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైంది. దాని సంఘాల్లో చేరిన చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు పాత విత్తనాలను కుండల్లో, బుట్టల్లో కాపాడుకుంటూ వచ్చారు. సంక్రాంతి రోజుల్లో పాతపంటల జాతర అని ఎడ్లబండ్లు కట్టి, వాటినిండా కొర్ర, సామ, సజ్జ, జొన్న, కంది విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పుతారు. అక్కడ ఒకరికొకరు విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటారు. మేం గిన్నెలు పంచుకుంటున్న వారాల్లోనే, మాకు పది మైళ్ళ లోపలే! అవ్వను ఒకసారి అడిగాను, అందరికీ ఒకే విత్తనం ఇస్తే పని సులువు కదా అని. నన్ను ఎగాదిగా చూసింది. "నల్లరేగడోళ్ళకు సామలిత్తే ఏం జేసుకుంటరు? ఎర్రచెలకల తెల్లజొన్న ఏస్తే బువ్వయితదా? భూమి జూడకుండ ఇత్తనమిచ్చుడు ఇచ్చినట్ల, పారేసినట్ల?" అంది. ఏ సాహిత్య సభలోనూ ఇంత తేటగా విమర్శ వినలేదు. ఆ సంఘాల ఆడవాళ్ళే మాచనూరులో 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. చదువురాని గొంతులు మైకు ముందు కూర్చున్నాయి. చదువొచ్చిన మేమేమో డబ్బా మూతలు సరిపోయాయో లేదో చూసుకుంటున్నాం.

ఆ అవ్వే భోగినాడు నా పుస్తకాల సంచీ చూసి, "మరి నాకేది?" అంది. నా మొహం మాడింది. చదవడం రాదు కదా అని ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. పట్టికవాళ్ళను ఇందాక తిట్టాను చూడండి, ఆ పట్టిక నాలోనూ ఉంది. గబగబా పిల్లల బొమ్మల పుస్తకం తీసిచ్చాను, మనవరాలు చదివి వినిపిస్తుందని. తిప్పి చూసి తిరిగిచ్చేసింది. "పంచాంగమియ్యి. మా పంతులు ఒకటి జెప్తడు, టీవీల ఇంకోటి జెప్తడు. పోరితోని సదివిచ్చుకుని నేనే జూసుకుంట" అంది. ఉగాదికి కొత్తది వస్తుంది, వచ్చిన రోజే ఇస్తానని మాటిచ్చాను. అంతవరకు రోజూ కూర తూచేటప్పుడు గుర్తుచేస్తూనే ఉంటుంది.

నోము లెక్కలోకి రానివాళ్ళు అవ్వ ఒక్కతే కాదు.

మా మేడ మీద ఉండే ఖాలా ఇరవై ఏళ్ళుగా ప్రతి రంజానుకు షీర్ ఖుర్మా పంపుతుంది. తెలుగు నాకన్నా గడగడా మాట్లాడుతుంది గనక ఒక ఈద్‌కు తెలుగు నవల ఇచ్చాను. అద్దాల అల్మారాలో టీ కప్పుల పక్కన మర్యాదగా పెట్టింది. ఆవిడ చదివింది ఉర్దూ మీడియమని, తెలుగు అక్షరం రాదని నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. గోడ ఒకటే, మెట్లు ఒకటే, నాలుగేళ్ళు! ఆవిడ మనవరాలిదేమో ఇంగ్లీషు మీడియం, ఆ పిల్లకు ఉర్దూ లిపీ రాదు, తెలుగూ అంతంతమాత్రం. మూడు తరాల ఇంట్లో మూడు రాతలు. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు జీలానీ బానో రాసిన 'ఐవాన్-ఎ-గజల్' ఉర్దూలో అడిగి తెచ్చాను. హైదరాబాదు ఆమే, హైదరాబాదు కథే. ఖాలా అల్మారాలో పెట్టలేదు. దిండు కింద పెట్టుకుంది.

ఇక మా అమ్మ.

నాన్న 2019లో పోయారు. ఆ తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతికి అమ్మ మా ఇంట్లోనే ఉంది. వాయనాలు పుచ్చుకోవడానికి ముత్తయిదువలు వస్తున్నారని తెలిసి తనంతట తానే లేచి వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు, నాతో సహా. ముందు గదిలో "ఇస్తినమ్మ వాయనం", "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని నవ్వులు. అప్పటిదాకా నా జీవితంలో ప్రతి నోములోనూ మొదటి వాయనం అమ్మకే ఇచ్చాను. ఆ రోజు పదమూడు గిన్నెలూ పంచేసి వెనక గదిలోకి వెళితే, అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. "అయిపోయిందా?" అంది. అంతే.

వాయనం ఇవ్వలేకపోయిన జనమంతా ఆమెకు పుస్తకాలు మాత్రం ఇచ్చారు. పట్టిక ప్రకారమే. విధవరాలు, అరవై దాటింది, ఇంకేముంది! ఏడాదిలో నాలుగు భగవద్గీతలు, రెండు గరుడపురాణాలు వచ్చాయి. అమ్మకు భక్తి లేదని కాదు. నాలుగో గీత వచ్చినప్పుడు, "అర్జునునికే కృష్ణుడు ఒక్కపారి చెప్పిండు గద బిడ్డా, నాకు నాలుగుసార్లెందుకు?" అంది.

మా అమ్మ ఏం చదివేదో నాకు తెలుసు. జోగిపేటలో అద్దె కొట్టు నుంచి నేను మోసుకొచ్చినవే అవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలలు. యుగంధర్, అసిస్టెంటు రాజు మా ఇంట్లో చుట్టాల్లా తిరిగేవాళ్ళు. పొయ్యి మీద చారు పొంగిపోయేది, అమ్మ పేజీ తిప్పేది. నాన్న నవ్వుతూ, "హంతకుడు దొరికినంక అన్నం పెడతవా?" అనేవారు. ఇదంతా తెలిసి కూడా, ఆయన పోయాక అమ్మకు డిటెక్టివ్ నవల ఇవ్వడానికి నాకు ఇన్నేళ్ళూ చెయ్యి రాలేదు. జనం ఏమంటారో అని. హత్యలు, తుపాకులు, అదీ తెల్లచీరలో ఉన్న మనిషి చేతిలో! బొట్టు తీసేస్తే కుతూహలం కూడా తీసేసుకోవాలని ఏ శాస్త్రంలో ఉందో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆ శాస్త్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది నేనే.

ఈ ఏడు పదమూడు పుస్తకాలూ కట్టాక పద్నాలుగోది కట్టాను. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికిన పాత యుగంధర్, అట్ట చిరిగి టేపు వేసి ఉంది. ముత్తయిదువలు వచ్చినప్పుడు అమ్మ ఎప్పటిలాగే లేచింది. వెనక గదికి వెళ్ళనివ్వకుండా ముందు గదిలోనే, అందరి ఎదుట, ఆమె చేతిలో పెట్టాను. పసుపు లేదు, కుంకుమ లేదు. పుస్తకానికి అవి అక్కర్లేదు. ఎదురింటావిడ మా అత్తయ్య వైపు చూసింది. నేనూ భయంగా అత్తయ్య వైపే చూశాను. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, "వదినా, నువ్వు చదివినంక నాకియ్యి" అన్నారు.

అమ్మ మర్నాడే పుస్తకం సంచీలో పెట్టుకుని జోగిపేట వెళ్ళిపోయింది. నాలుగో రోజు పొద్దున్నే, ఇంకా తెల్లవారకుండా ఫోను. గుండె గుభేలుమంది. "ఏమైందమ్మా?" అన్నాను.

"ఏమైందా? చివరి ఆరు పేజీలు లేవు! చూసి కొనద్దా? హంతకుడు ఆ డాక్టరా, మేనల్లుడా? రాత్రంత నిద్ర లేదు నాకు. మీ అత్తమ్మ గూడ అడుగుతున్నది, ఫోన్ల సగం కథ చెప్పిన ఆమెకు."

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆబిడ్స్‌కు పోయే ఎవరు కనబడినా ఆ పుస్తకం పేరు చీటీ రాసి ఇస్తున్నాను. మీ ఇంట్లో అటక మీద గానీ పాత కొమ్మూరి నవలలుంటే కాస్త దింపి చూడండి. బదులుగా డబ్బాలు కావాలంటే నా దగ్గర 41 ఉన్నాయి.